వియ్యపురాలి సముద్రపు రాళ్ళు

హూడిలో మా అబ్బాయి ఇంట్లోకి అడుగు పెట్టగానే ఎదురుగా ఒక గాజు బీరువా కనబడుతుంది. పై అరలో చిన్న లైటు కూడా పెట్టించారు. పెళ్ళికి మేం పెట్టిన వెండి సామాను అందులో ఉంటుందని నేను అనుకున్నాను. లేదు. అందులో రాళ్ళున్నాయి. మా వియ్యపురాలు, అంటే కోడలి తల్లి, భీమిలి దగ్గర సముద్రపు ఒడ్డున ఏరిన రాళ్ళు. ఒక్కో రాయి కింద దూది పరుపు, ముందర పేరు రాసిన చీటీ, పైన దీపం. వెండి సామాను మంచం కింద పెట్టెలో ఉంది.

మొదటిసారి చూసిన రోజే అడిగాను.

"ఏమప్పా, రాళ్ళకు దీపమేంది? కరెంటు ఊరికే వస్తాండాదా మీకు?"

"ఎల్‌ఈడీ అమ్మా అది. బిల్లేమీ రాదు," అన్నాడు మా అబ్బాయి.

"రాకపోతే నా చక్కిలాల డబ్బా మీద కూడా ఒకటి పెట్టించు."

వాడు నవ్వాడు. నేను నవ్వలేదు.

నేను అదే ఊళ్ళో ఇంకో కొసన, కాటన్‌పేటలో ఉంటాను. మా మామగారి నాటి ఇల్లు. కింద అంగడి అద్దెకిచ్చి, పైన నేనొక్కదాన్నే ఉంటున్నాను. ప్రతి శనివారం మెజెస్టిక్‌లో మెట్రో ఎక్కి హూడిలో దిగుతాను. నా సంచిలో చట్నీపొడి ఉంటుంది, చక్కిలాలుంటాయి, చలికాలమైతే తెల్లవారకముందే లేచి పితికిన అనపపప్పు ఉంటుంది. నానిన గింజల తొక్కలు గోళ్ళు నల్లబడేదాకా పితికితే ఒక చిన్న గిన్నె నిండుతుంది. అది వంటింట్లోకి పోతుంది, పులుసులో పడుతుంది, సాయంత్రానికి అయిపోతుంది. దానికి చీటీ ఎవరూ రాయరు.

దీన్ని కుళ్ళు అంటారని నాకు తెలుసు. నేను చదివింది మూడో తరగతి. ఆ మాట తెలియడానికి ఆ చదువు చాలు.

మా వియ్యపురాలు సైన్సు టీచరుగా పనిచేసి రిటైరైంది. మెత్తని మనిషి, మెత్తని గొంతు. తప్పు పట్టడానికి ఏమీ దొరకదు, అదే నాకు పడని సంగతి. సముద్రం వెనక్కి తగ్గిన పూటల్లో ఆమె ఒడ్డు వెంబడి నడుస్తూ, ఫోను ముందుకు పట్టుకొని నా మనవరాలికి రాళ్ళు చూపిస్తుంది. పదేళ్ళ పిల్ల. బడికి లేపాలంటే వాళ్ళమ్మ దుప్పటి లాగి గొంతు పోగొట్టుకోవాలి. ఆ ఫోను కోసం మాత్రం దానంతటదే లేచి, పళ్ళు కూడా తోముకోకుండా, "అమ్మమ్మా, కెమెరా కిందికి, ఇంకా కిందికి, అదీ!" అని అరుస్తూ ఉంటుంది. నేను శనివారం పోయి గంట కొడితే తలుపు తీసి, "హాయ్ అవ్వా" అని మళ్ళీ లోపలికి పోతుంది. తలుపు కూడా నేనే వేసుకోవాలి.

ఈ వేసవి సెలవుల్లో అందరూ భీమిలి పోతూ నన్నూ పిలిచారు. రానంటే కుళ్ళుకొని రాలేదంటారు. పోయాను.

నేను సముద్రాన్ని అంత దగ్గరగా చూడడం అదే మొదలు. నీళ్ళు వెనక్కి పోయేటప్పుడు ఒడ్డున రాళ్ళన్నీ దొర్లుతాయి. చేటలో కందులు చెరిగితే వచ్చే సద్దు అది. ఇసుక ఒకచోట తెల్లగా, ఒకచోట కాటుక చారలు గీసినట్టు నల్లగా, మరోచోట కుంకుమ ఒలికినట్టు ఎర్రగా ఉంది. బాగుంది. బాగుందని నేను ఎవరితోనూ అనలేదు.

వాళ్ళిద్దరూ ముందు నడుస్తున్నారు. నేను వెనక. ముగ్గురి చెప్పులూ నా చేతిలో ఉన్నాయి.

"ఇది చూసేవా? ఈ ఎర్ర చుక్కలేటో చెప్పు," అని వియ్యపురాలు ఒక రాయి ఎత్తింది. గోధుమరంగు రాయిలో దానిమ్మ గింజలు పొదిగినట్టున్నాయి.

"గార్నెట్!" అంది పిల్ల.

"మరి ఒడ్డున ఎర్ర ఇసుక ఎలాగొచ్చింది?"

"ఈ రాయి అరిగి అరిగి, గింజలన్నీ రాలిపోయి!"

"శెభాష్. చూసేరా వదినగారూ, మీ మనవరాలు ఎంత తెలివైనదో?"

మీ మనవరాలట. నా మనవరాలి గురించి నాకు చెప్పడానికి ఈవిడెవరు?

"ఉప్పునీళ్ళ ఒడ్డున రాళ్ళు ఏరుకునేదానికి రెయిలెక్కి ఇంత దూరం రావాల్నా వదినా? మా వీధిలో కార్పొరేషనోళ్ళు పోసిన కంకర కుప్ప ఉండాది. కావాల్సినంత ఏరుకోవచ్చు," అన్నాను.

ఆమె గట్టిగా నవ్వింది. నిజంగానే నవ్వు వచ్చి నవ్వింది. ఆ మాట తగలాల్సిన చోట తగల్లేదు.

మరునాడు ఒక పగిలిన బండ దగ్గర పిల్ల కేక పెట్టింది. ఎప్పటిదో ఇసుకే గట్టిపడి బండ అయిందట, అందులో పాత గవ్వలు చిక్కుకున్నాయట. దాని చేతిలో బూడిదరంగు రాయి ఉంది. ఒక పక్క పెచ్చు ఊడి, లోపల చక్కగా చుట్టలు చుట్టుకున్న సుడి కనబడుతోంది. "ఫాసిల్ అమ్మమ్మా, ఫాసిల్!" అని ఎగిరింది. ఫాసిల్ అంటే ఒకప్పుడు బతికిన ప్రాణి, రాయిగా మారి నిలిచిపోయింది అని వియ్యపురాలు నాకు విడమరచి చెప్పింది. ఇద్దరూ తడి ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చొని, తలలు ఆనించుకొని ఆ రాయిని చూశారు. నేను చెప్పులు పట్టుకొని నిలబడ్డాను.

ఆ సాయంత్రం వాళ్ళు టీ తాగుతుంటే నేనొక్కదాన్నే ఒడ్డుకు పోయాను. నాకూ ఒకటి దొరక్కపోతుందా అని. నడుం వంచి, మోకాళ్ళు పట్టేసేదాకా వెతికాను. చీకటి పడే వేళకు దొరికింది. నీలంగా, నున్నగా, మీద తెల్లటి లతలాంటి గీతతో ఉన్న రాయి. అంత అందమైనది వాళ్ళ బీరువాలో ఒక్కటీ లేదు. కొంగున ముడి వేసుకొని ఇంటికి వచ్చి, అందరూ చూసేలా బల్ల మీద పెట్టాను.

పిల్ల చేతికి తీసుకొని తిప్పి చూసింది.

"అవ్వా! ఇది బాత్రూం టైలు!"

అందరూ ఒక్కసారి నవ్వారు. మా అబ్బాయి కూడా.

"నవ్వకూడదే," అంది వియ్యపురాలు. "అంచులు చూడు, సముద్రం ఎంత నున్నగా అరగదీసిందో. దీన్నీ దాచుకుందాం. అవ్వ ఏరిన రాయి."

ఆ మాట ఆవిడ వెక్కిరింపుగా అని ఉంటే నేను హాయిగా తిట్టుకొని ఊరుకునేదాన్ని. ప్రేమగా అంది. ఇప్పుడు హూడి బీరువాలో కింది అరలో, లైటు పడని మూల ఆ టైలు ముక్క ఉంది. దానికీ ఒక చీటీ ఉంది. శనివారం శనివారం నేను దాని ముందు నుంచే వంటింట్లోకి పోతాను.

చలికాలం మొదట్లో బడి నుంచి కబురు వచ్చింది. అవ్వాతాతల కోసం ఒక రోజు పెడుతున్నారట. పిల్లకొక బల్ల ఇస్తారు. ఇంట్లోని పెద్దల్లో ఒకరు పిల్ల పక్కన కూర్చొని, ఏదైనా వస్తువు తెచ్చి దాని సంగతి అందరికీ చెప్పాలి. చోటు చాలదు గనక ఒక్కరే రావాలి. ఒకటే కుర్చీ.

భోజనాల దగ్గర కోడలు ఆ మాట చదివి వినిపించింది. పిల్ల ముద్ద మింగకుండానే, "అమ్మమ్మ వస్తుంది. రాళ్ళు పెడతాం," అంది. ఆలోచించలేదు. నా వైపు చూడను కూడా లేదు. నేను వడ్డిస్తున్నాను. దాని కంచంలో ఇంకొంచెం పులుసు వేశాను.

ఇంటికి తిరిగి వస్తుంటే మెట్రోలో నాకు ఎదురుగా ఖాళీ సీటు ఒకటి ఉంది. దాన్ని చూసినా కోపమే వచ్చింది. ఆ కుర్చీ నాకు కావాలి. బడిలో కుర్చీ మీద కూర్చొనే వయసులో నన్ను బడి మాన్పించి ఇంట్లో పనికి పెట్టారు. ఇప్పుడైనా ఒక్క పూట, ఆ పిల్ల పక్కన, అందరూ చూస్తుండగా కూర్చోవాలి. ఇంత వయసొచ్చి కుర్చీ కోసం ఏడుస్తున్నానని ఎవరితో చెప్పుకోను?

వియ్యపురాలు భీమిలి నుంచి ముందుగానే వచ్చి దిగింది. ఆ శనివారం నేను పోయేసరికి ఇంట్లో ఎవరూ లేరు, బడిలో బల్ల మీదికి లైటు, అట్టలు కొనడానికి అంగడికి పోయారు. నా దగ్గరున్న తాళంతో తలుపు తీశాను. సోఫా చేతి మీద, బిస్కెట్ పొడి పక్కన, ఒక రాయి ఉంది. బూడిదరంగు, అంచున సుడి.

భీమిలిలో దాన్ని నేను దూరం నుంచే చూశాను. ఇక్కడ దగ్గరగా చూశాను. శాలగ్రామం! సోఫా మీద, ఎంగిలి పొడి పక్కన! చెంగుతో పట్టి ఎత్తి, దేవుడి అరలో పళ్ళెంలో పెట్టి, నీళ్ళు పోసి, బాల్కనీలో తులసి దళం తుంచి పెట్టి, అపచారం క్షమించమని లెంపలు వేసుకుంటున్నాను. అప్పుడే వాళ్ళు లోపలికి వచ్చారు.

"అవ్వా, నా ఫాసిల్‌కి పూజ చేస్తాండావా?"

"ఫాసిలేంది? శాలగ్రామాన్ని సోఫా మీద పారేస్తారా? ఇంట్లో పెద్దోళ్ళు లేరా, చెప్పేవాళ్ళు లేరా?" నా చూపు వియ్యపురాలి మీదే ఉంది.

ఆమె చెప్పులు విడిచి వచ్చి వంగి చూసింది. "వదినగారూ, ఇది నత్తండి. ఒడ్డున దొరికింది కదా, అదే."

"నత్తా? ఈ సుడి చూడండి. మా ఇంట్లోదానికీ అచ్చం ఇట్లాంటి సుడే ఉండాది. మాది దేవుడు, మీది నత్తా?"

ఆమె నా వైపు తిరిగింది. "మీ ఇంట్లో శాలగ్రామం ఉందా?"

"మా మామగారి తాత కాశీకి పోయినప్పుడు తెచ్చినాడు. ఆ కాలం నుంచి ఉండాది."

"లోపల సుడి కనబడతాదా? విరిగిన చోటు నుంచి?"

"కనబడతాది. ఏం?"

ఆమె పిల్లను దగ్గరకు లాక్కుంది. శాలగ్రామంలో ఉండేది కూడా సముద్రపు ప్రాణేనట. మన ఒడ్డున దొరికిన నత్త దాని ముందు నిన్న మొన్నటిదట. హిమాలయాలు లేవకముందు అక్కడ సముద్రం ఉండేదట. ఆ నీళ్ళలో ఈదిన జీవి రాయై, కొండతో పాటు పైకి లేచి, నదిలో దొర్లి దొర్లి కిందికి వచ్చిందట. చెబుతున్న ఆమె గొంతు ఎప్పటిలా లేదు. పిల్ల ఆమెను వినడం మానేసి నన్ను చూస్తోంది. రెండు కళ్ళతో, నోరు తెరుచుకొని, నన్నే.

"అవ్వా, నీ దగ్గర అంత పాతది ఉండాదా? ఎందుకు చూపించలేదు?"

"పెట్టెలో దేవుడు అని చెప్తానే ఉంటిని గదా. స్నానం చేయకుండా గడప తొక్కకూడదంటే మీరు ఫోన్లు పట్టుకొని హాల్లోనే కూర్చుంటిరి."

"రేపు వస్తాం. అమ్మమ్మా, రేపు పోదాం."

ఇన్నేళ్ళలో అది నా ఇంటికి వస్తానని దానంతటదే అడగడం అదే మొదలు. గోళ్ళు నల్లబడేలా పితికిన అనపపప్పుకు రాని పిల్ల రాయికి వస్తోంది. రానీ అనుకున్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఇంట్లో శాలగ్రామాన్ని ఆడవాళ్ళు ముట్టుకోరు. నేను కాపురానికి వచ్చిన రోజే అత్తగారు చెప్పిన కట్టడి అది. మామగారు అభిషేకం చేసేవారు, తర్వాత మా ఆయన. ఆయన పోయాక, మా అబ్బాయి వీలైన ఏకాదశికి వచ్చి చేస్తాడు. మిగిలిన రోజులు నేను దేవుడుండే రాగి పెట్టె, అదే సంపుటం, మూత తీసి, ఉద్ధరిణెతో పైనుంచి నీళ్ళు వదిలి, తులసి జారవిడిచి, మూత పెడతాను. నా జీవితమంతా దానికి నైవేద్యం వండాను. అదెంత బరువుంటుందో నాకు తెలియదు.

మరునాడు వాళ్ళిద్దరే వచ్చారు. మా అబ్బాయికి ఆఫీసు పని తగిలింది. కాళ్ళు కడుక్కొని గడప దాటి పీటల మీద కూర్చున్నారు. నేను మూత తీశాను. సంపుటం లోతుగా ఉంటుంది. తులసి కింద నల్లగా వీపు మాత్రమే కనబడుతోంది.

"సుడి కనబడ్లేదు అవ్వా. బయటికి తియ్యి."

"మీ నాయన రావాల. ఆడోళ్ళు తీయకూడదు."

"పోనీలెండి వదినగారూ," అంది వియ్యపురాలు. "మీ ఆచారం మీది. ఇంతవరకు చూశాం, చాలు." పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. పిల్ల ముఖం వాడిపోయి, అలవాటుగా ఆవిడ మీదికి ఒరిగింది.

ఆ ఒరగడం చూశాక నా చెయ్యి ఆగలేదు. సంపుటంలోకి పోయింది. చల్లగా, తడిగా, నేను అనుకున్నదానికంటే బరువుగా ఉంది. బయటికి తీసి, ఇత్తడి పళ్ళెంలో తులసి మీద పెట్టి, విరిగిన వైపు కిటికీకి తిప్పాను. పిడుగు పడలేదు. గోడ మీద ఫోటోలో అత్తగారు చూస్తూనే ఉంది.

వెలుతురు పడగానే లోపలి సుడి మెరిసింది. చుట్టలో చుట్ట, ఒక్కో చుట్టకూ సన్నటి అడ్డుగీతలు, దువ్వెన పళ్ళంత వరుసగా. పిల్ల పళ్ళెం మీదికి వంగింది.

నేను మాత్రం వియ్యపురాలిని చూశాను. ఆమె చేతులు జోడించలేదు, చెయ్యి చాపనూ లేదు. కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"టీచరుగా ఉన్నన్నాళ్ళూ పుస్తకంలో బొమ్మే చూపించి పాఠం చెప్పేను," అంది. "మా ఒడ్డున ఇలాంటిది దొరకదని తెలుసు. తెలిసీ రోజూ వెతుకుతాను. ఏటో ఒక పిచ్చి. మీకు ఇంట్లోనే ఉంది."

చివరి మాట దగ్గర ఆమె పెదవి కొంచెం బిగుసుకుంది. ఆ బిగుతు నాకు బాగా తెలుసు. గాజు బీరువా ముందు నిలబడ్డప్పుడల్లా నా ముఖంలో ఉండేది అదే. ఈ మెత్తని మనిషికీ కుళ్ళుందన్న మాట! ఆ క్షణం నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అప్పటికప్పుడు ఆమెకు కాఫీ చేసి ఇవ్వాలనిపించింది, అదీ చిక్కటి పాలతో.

"అవ్వా!" పిల్ల నా చెయ్యి పట్టుకుంది. "స్కూల్‌కి నువ్వే రా. దీన్ని తీసుకొని రా. అమ్మమ్మ ఏమీ అనుకోదు. కదా అమ్మమ్మా?"

"ఏటి అనుకుంటాను?" అంది ఆమె నేల చూస్తూ.

కుర్చీ నాదైపోయింది. ఊఁ అంటే చాలు. నోటిదాకా వచ్చింది. పళ్ళెంలో ఉన్న రాయిని చూశాను. బల్ల మీద, అట్ట మీద, ముందర చీటీతో, చుట్టూ చిప్స్ తిన్న చేతులతో. ఆ పూట అందరూ చూస్తారు, చప్పట్లు కొడతారు. మరునాటికి అది కూడా చూసేసిన రాయి. ఆ తర్వాత ఈ పిల్లకు కాటన్‌పేటతో పనేముంది?

"దేవుడు బడికి రాడమ్మా," అన్నాను. "చూడాలంటే ఇక్కడికే రావాల. స్నానం చేసి రావాల."

"అవ్వా, ప్లీజ్! ఒక్క రోజు!"

"గలాటా చేయొద్దు. సాకు, ఇంక చాలు."

సంపుటంలో పెట్టి మూత వేశాను. పిల్ల ఏడ్చింది, వియ్యపురాలికి చేసిచ్చిన కాఫీ చల్లారిపోయింది, పోయేటప్పుడు పిల్ల నాతో మాట్లాడలేదు. వాళ్ళు మెట్లు దిగుతుంటే వియ్యపురాలి నడకలో కొంచెం చురుకు కనబడింది. కుర్చీ తనకే మిగిలింది కదా.

బడిలో ఆ కార్యక్రమం జరిగిన రోజు కోడలు ఫోటోలు పంపింది. పట్టుచీర కట్టుకొని వియ్యపురాలు కుర్చీలో కూర్చుంది. పిల్ల ఆమె భుజానికి ఆనుకొని నిలబడింది. బల్ల మీద గార్నెట్ రాళ్ళు, నత్తరాయి, ఒక చివర నా నీలం టైలు ముక్క. ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి చూశాను. ఆ టైలు ముక్క మీద కూడా ఆ రోజు లైటు పడింది. ఫోను పక్కన పడేసి, గంట సేపు అనవసరంగా ఇత్తడి సామాను తోమాను.

ఆ శనివారం నేను హూడికి పోలేదు. మోకాలు నొప్పి అని చెప్పాను. అనపకాయలు ముందేసుకొని కూర్చున్నాను గానీ, ఎవరి కోసం పితకాలో తెలియక ఊరికే అటూ ఇటూ కదుపుతున్నాను. మధ్యాహ్నానికి మెట్ల మీద చప్పుడైంది. మా అబ్బాయి, వెనకాలే పిల్ల. దాని జుట్టు తడిగా ఉంది. చేతిలో భూతద్దం.

"తలకు పోసుకొని వచ్చినా," అంది. ముఖం ఇంకా ముడుచుకొనే ఉంది.

"మెట్రోలో ఎంతమందిని రాసుకొని వచ్చినావో. పో, కాళ్ళూ చేతులూ కడుక్కో."

కడుక్కుంది. మళ్ళీ మోచేతుల దాకా కడగమన్నాను. కడుక్కుంది. మా అబ్బాయి సంపుటం వైపు చెయ్యి చాపితే, "నువ్వుండప్పా," అన్నాను. నేనే తీశాను. ఈసారి పళ్ళెంలో పెట్టలేదు. దాని రెండు చేతులూ దగ్గరికి చేర్చి అందులో పెట్టాను.

"అబ్బా, బరువుండాది అవ్వా."

"ఊఁ. బరువే."

అది భూతద్దం పెట్టి ఒక్కో చుట్టా చూస్తోంది. దాని తడి జుట్టు నా భుజానికి తగిలి రవిక తడుస్తోంది. తడవనీ.

అప్పుడే మా అబ్బాయి ఫోను మోగింది. భీమిలి నుంచి వియ్యపురాలు, వీడియోలో. వెనకాల సముద్రం చేటలో కందుల సద్దు చేస్తోంది.

"వదినగారూ, మనవరాలు అక్కడుందట కదా? ఒక్కసారి కెమెరా అటు తిప్పుతారా? ఆ సుడి ఇంకోసారి చూస్తాను."

మా అబ్బాయి ఫోను తిప్పబోయాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"ఫోనులో చూపించేదానికి ఇదేమన్నా గులకరాయా వదినా? రెయిలెక్కి రండి. అనపపప్పు పులుసు చేసి పెడతాను," అన్నాను.